మిరపకాయల తాడు

జపాను వాళ్లతో యుద్ధం ఎందుకు మొదలైందని అడిగితే చదువుకున్నవాళ్లు ఒప్పందాలంటారు, రాజుగార్ని గద్దె దింపడం అంటారు. అవన్నీ నిజమే కావచ్చు, నాకేం తెలుసు! కప్సాన్ కొండల్లో మా ఊళ్లో మాత్రం అది నా గుమ్మానికి కట్టిన తాడు దగ్గరే మొదలైంది. ఎవరు కాదన్నా సరే.

ఆ ఏడు పంటల కాలంలో వేటగాళ్లంతా తుపాకులు అప్పజెప్పాలని జపాను వాళ్లు చాటింపు వేశారు. మా ఊరి మగాళ్లు తలలు వంచుకుని ఇచ్చేసి వచ్చారు. వారం తిరక్కుండా అడవిపందులు దిగి బంగాళాదుంప చేలన్నీ పెళ్లగించేశాయి. ఇక మిగిలింది మా ఆయన చిల్‌బోక్ చేతిలోని తుపాకీ ఒక్కటే. వాళ్ల తాతలనాటిది.

"రేపు నేనూ ఇచ్చేస్తానే," అన్నాడు ఆయన.

నేను బాలింతని, కానుపై రెండో రోజు. ఒళ్లు మండిపోయింది.

"ఇచ్చెయ్! ఇచ్చేసి పందులకి దణ్ణం పెట్టుకో. పులొస్తే నీ మీసం చూపించు."

"పిల్లాడు పుట్టాడు కదే. ప్రాణాలతో ఉండాలా వద్దా?"

"పుట్టాడు కాబట్టే అంటున్నా!"

తుపాకీ లాక్కుని పిల్లాడి బొంత కింద పెట్టేశాను. మగపిల్లాడని మా అత్త అప్పటికే గుమ్మానికి గడ్డితాడు కట్టింది, ఎర్ర మిరపకాయలూ బొగ్గుముక్కలూ గుచ్చి. అది ఉన్న ఇరవయ్యొక్క రోజులూ బయటివాడెవడూ గడప తొక్కడు. రాజుగారి భటుడైనా వాకిట్లోంచే మాట్లాడి పోతాడు.

మర్నాడు పొద్దున్నే, ఇవ్వని తుపాకీ కోసం జపాను దొర ఊడిపడ్డాడు. వెంట పోలీసు తోక్సు, మా కింది ఊరివాడే. తాడు చూడగానే తోక్సు కాళ్లు ఆగిపోయాయి.

"లోపల పసికందు ఉందండీ. దాటకూడదు."

దొర ఏదో గొణిగి, కత్తి దూసి, తాడు తెంపేశాడు. బూటుకాళ్లతోనే లోపలికొచ్చి, ఇల్లంతా వెతికి, బొంత ఎత్తి, తుపాకీ తీసుకున్నాడు. పిల్లాడు ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడ్చాడు.

వాకిట్లో ఊరంతా నిలబడి ఉంది. తుపాకులు ఇచ్చినప్పుడు కిక్కురుమనని ఊరు, నేలన పడ్డ ఆ మిరపకాయల్నే చూస్తోంది. దొర ముందుకి వెళ్లాక తోక్సు వంగి వాటిని ఏరాడు. మా అత్త చేతిలో పోసి, "తుపాకుల బండి మధ్యాహ్నం కనుమ దాటుతుంది, పెద్దమ్మా," అన్నాడు మెల్లగా.

మా ఆయన విన్నాడు. గోడకి ఆన్చిన పందిబల్లెం అందుకున్నాడు. చూస్తుండగానే ఊళ్లో ఇంటికో బల్లెం బయటికొచ్చింది.

పొద్దు వాలేసరికి తిరిగొచ్చాడు, భుజాన తాతగారి తుపాకీ. వెనకే వేటగాళ్లంతా, ఎవరి తుపాకీ వాళ్ల భుజాన. అబ్బ, ఏం నడకది! ఈలోగా మా అత్త తాడు ముడేసి మళ్లీ కట్టింది. ఆయన సరిగ్గా దాని ముందుకొచ్చి ఆగిపోయాడు.

"రావయ్యా లోపలికి!" అన్నాను.

"చావు చూసి వస్తున్నానే. దొర పోయాడు. ఈ ఒంటితో పసివాడి దగ్గరికి రాకూడదు."

"ఎవరు చూడొచ్చారు? రారా నాయనా," అంది అత్త ఏడుస్తూ.

"ఆ దొర దాటాడని నేనూ దాటాలా, అమ్మా?"

పిల్లాణ్ణి ఎత్తి చూపించాను. "ముక్కు నాదే," అని నవ్వాడు. నాకు ఏడుపాగలేదు, గర్వమూ ఆగలేదు. అటునుంచటే వాళ్లంతా కొండెక్కారు, యుద్ధానికి.

ఇరవయ్యొకటో రోజున తాడు నేనే విప్పి, మిరపకాయలు కొండమీదికి పంపాను. పులుసులో వేసుకున్నారట. కారం అదిరిందని, ఆ మాట పిల్లాడికి చెప్పమని మా ఆయన కబురంపాడు.