ఏడు డిగ్రీలు పెరిగిన నీళ్ళు

నేను ఒక రాగి గిన్నెను. పూజకు పనికిరాను, పులుసు కాచడానికీ పనికిరాను. కంచరి సుత్తి దెబ్బలు తిని పుట్టి, పలాస దగ్గర ఒక డిగ్రీ కాలేజీ ల్యాబులో చేరాను. అక్కడ నన్ను కెలోరీమీటర్ అన్నారు. వేడి బయటికి పోకుండా దూది కూరిన చెక్కపెట్టెలో కూర్చోబెట్టి ముప్పై రెండేళ్ళు వాడుకున్నారు.

నా పని చిన్నదే. నాలో చన్నీళ్ళు పోసి తూచి, థర్మామీటర్ పెట్టి చూస్తారు. ఆవిరిలో కాగిన సీసపు గుళ్ళను గభాలున కుమ్మరించి కలియబెడతారు. గుళ్ళు పోగొట్టుకున్న వేడీ, నీళ్ళూ నేనూ పుచ్చుకున్న వేడీ సమానం. ఆ లెక్కతో, ఒక గ్రాము సీసం ఒక డిగ్రీ వేడెక్కడానికి ఎంత వేడి కావాలో తేలుతుంది. దాన్నే విశిష్టోష్ణం అంటారు. సీసానికి అది మరీ తక్కువ, సున్నా పాయింట్ సున్నా మూడు. నీళ్ళు రెండు డిగ్రీలు పెరిగితే గొప్ప.

అటెండర్ సిమ్మన్న బావమరిదికి చేపల వల ఉండేది. వలకు సీసం బరువులు కావాలి. ఒక వేసవి సెలవుల్లో మా గుళ్ళన్నీ సముద్రం పాలయ్యాయి. సిమ్మన్న సైకిల్ షాపులో ఇనుప గుళ్ళు తెచ్చి, నల్లరంగు పూసి డబ్బా నింపాడు. డబ్బా మీద 'సీసం' అన్న చీటీ అలాగే ఉండిపోయింది.

అప్పటినుంచి నీళ్ళు ఏడు డిగ్రీలు పెరిగేవి. తొమ్మిదేళ్ళు పెరిగాయి, ఒక్కరూ కనిపెట్టలేదు. ఎలా కనిపెడతారు? పిల్లలు పుస్తకంలోని జవాబు ముందు రాసుకుని, దానికి సరిపడే అంకెలు వెనకనుంచి లెక్కగట్టి రికార్డులో వేసేవారు. పట్టాభిరామయ్య మాస్టారు చూసీ చూడనట్టు సంతకాలు చేసేవారు. ఇంత చదువూ చదివి, నాలోకి తొంగిచూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

వరహాలమ్మ చూసింది. వాళ్ళమ్మ జీడిబట్టీలో పిక్కలు కొట్టేది. జీడిరసానికి ఆమె వేళ్ళు నల్లబడి తోలూడేవట. డిగ్రీ పాసయితే కూతురు టీచరవుతుంది, లేకపోతే ఆ బట్టీకే. చివరి ఏడాది ప్రాక్టికల్ పరీక్షలో ఆ పిల్ల ప్రయోగం మూడుసార్లు చేసింది. మూడుసార్లూ ఏడు డిగ్రీలే. జవాబు సున్నా పాయింట్ పదకొండు వచ్చింది.

మాస్టారు పక్కకొచ్చి గొంతు తగ్గించారు. "అమ్మాయ్, పుస్తకంలో ఉన్నది వేసెయ్. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ ఊరుకోడు."

"నీళ్ళు ఏడు డిగ్రీలు పెరిగినాయి సార్. రెండని ఎలాగ రాసీమంటారండి?"

ఎగ్జామినర్ కాగితం చూసి నవ్వాడు. "సీసానికి ఇంత వస్తుందా? నీకు థర్మామీటర్ చూడడం కూడా రాదు" అని సున్నా చుట్టాడు. నోరుంటే అరిచేదాన్ని. ఆ పిల్ల మాత్రం నన్ను కడిగి, తుడిచి, పెట్టెలో పెట్టింది.

"నాను సరిగ్గానే సేసినాను" అంది, నాకొక్కదానికే వినబడేలా. మళ్ళీ పరీక్షకు రాలేదు.

ఆరేళ్ళకు పాత సామాను అమ్మకానికి పెట్టారు. ఇనుప సామాను కొనే అతను అయస్కాంతం తెచ్చి డబ్బాలోకి దించాడు. గుళ్ళన్నీ ఒక్కసారిగా ఎగిరి దానికి అతుక్కున్నాయి.

"సారూ, ఇది సీసం కాదండి, ఇనుం. సీసమని ఎవులు సెప్పినారు?"

పట్టాభిరామయ్య మాస్టారు స్టూలు మీద కూలబడ్డారు. ఇనుము విశిష్టోష్ణం ఎంతో ఆయనకు కంఠతా వచ్చు. "సున్నా పాయింట్ పదకొండు" అన్నారు మెల్లగా.

"ఏటండి?"

జీడిబట్టీ కాలేజీ వెనక రోడ్డులోనే ఉంది. మాస్టారు అక్కడికి వెళ్ళి ఆ పిల్లకు చెబుతారేమో అనుకున్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, సామాను జాబితాలో 'సీసం' కొట్టేసి 'ఇనుము' అని దిద్ది, పక్కన సంతకం చేశారు.

నన్ను గోనెసంచిలో వేసి రిక్షా ఎక్కించారు. రిక్షా బట్టీ ముందునుంచే వెళ్ళింది. సంచి చిరుగులోంచి చూశాను. గుమ్మం దగ్గర వరహాలమ్మ పిక్కలు కొడుతోంది. నన్ను అంత శుభ్రంగా తుడిచిన వేళ్ళు నల్లగా ఉన్నాయి. ఆమె తలెత్తలేదు.