కొసరుకు ధర కట్టించిన పుస్తకం

నేను ఒక పుస్తకాన్ని. అలాంటి ఇలాంటి పుస్తకాన్ని కాను, నన్ను చదివినవాళ్ళు కుబేరులైపోతారని నా అట్ట మీదే రాసి ఉంది. నా పేరు 'లేవరా కుబేరా!'. బంగారు రంగు అక్షరాలు, వాటి కింద కోటూ బూటూ వేసుకుని చేతులు కట్టుకున్న పెద్దమనిషి. ఆయనే నా కర్త, ఆకురాతి చిదానందమూర్తి గారు. ఆయన మొదట ఈము పక్షులు పెంచారు, అవి పోయాయి. మంచినీళ్ల ప్లాంటు పెట్టారు, అదీ పోయింది. శుభలేఖల షాపు తెరిస్తే సొంత బావమరిది కూడా తన పెళ్లి కార్డులు వేరేచోట వేయించుకున్నాడు. ఇక చేతిలో మిగిలింది పెన్ను ఒక్కటే కాబట్టి, వ్యాపారంలో గెలవడం ఎలాగో చెబుతూ నన్ను రాసి పారేశారు. ఈ సంగతులు నా అట్ట వెనక వేయలేదు లెండి. విజయవాడలో అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఆయన కిసుక్కున నవ్వుతూ పక్కాయనతో చెబుతుంటే విన్నాను. కుళ్ళుమోతు మనుషులు, అనుకున్నాను.

రాజమండ్రిలో ఒక ఫంక్షన్ హాల్లో మా కర్త గారు ఉపన్యాసం ఇచ్చి, జనాన్ని లేపి నిలబెట్టి, 'నేను సింహాన్ని' అని అరవమన్నారు. ముందు వరసలో గొంతు చించుకుని అరిచినవాడు ఈశ్వరరావు. బయటికి వస్తూ నన్ను కొని గుండెలకు హత్తుకున్నాడు. ఆ తర్వాత సింహం స్కూటరెక్కి, దారిలో కొత్తిమీర కట్టలు బేరమాడి కొనుక్కుని ఇంటికి వెళ్ళింది.

కొత్తిమీర ఎందుకంటే, అతని భార్య మంగతాయారుకు ఆసుపత్రి వీధిలో కర్రీ పాయింట్ ఉంది. వంట ఆవిడది, కౌంటర్ ఇతనిది. ఆసుపత్రి నర్సులు, వండిపెట్టే మనిషి లేని మగవాళ్ళు ఇంట్లో అన్నం మాత్రం వార్చుకుని, కూరలకు గిన్నెలు పట్టుకుని వచ్చేవారు. తాయారు కూర వేశాక, అడగకుండానే ఒక గరిటెడు చారో, ఇంత గోంగూర పచ్చడో వేసేది. దాన్ని కొసరు అంటారట. అది చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా నాలుగో అధ్యాయం పేరేమిటో తెలుసా? 'ఉచితం అనే చెదపురుగు'!

ఈశ్వరరావు మంచివాడు. అదే నాకు కలిసొచ్చింది. భార్య పొయ్యి దగ్గర మాడిపోవడం చూడలేక, కొట్టును నాలుగు ఊళ్ళకు పెంచి ఆవిణ్ణి ఫ్యాను కింద కుర్చీలో కూర్చోబెట్టాలని అతని కోరిక. అందుకే నన్ను అంత శ్రద్ధగా పెన్సిలుతో గీతలు గీస్తూ చదివాడు. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి గర్జించేవాడు. పక్కింటివాళ్ళు మొదట కంగారుగా పరిగెత్తుకొచ్చారు, తర్వాత అలవాటు పడిపోయారు. కొట్టు బోర్డు 'తాయారు ఫుడ్ సొల్యూషన్స్' అయింది. అది చూసి ఒక ముసలావిడ, పాపం, కర్రీ పాయింట్ ఎత్తేశారనుకుని వెనక్కి తిరిగిపోయింది. ఆ తర్వాత వంతు కొసరుది.

"తాయారూ, మనం రోజూ ఎంత పారబోసుకుంటున్నామో తెలుసా? ఇందులో రాశారు చూడు."

"పారబోయడమేంటండీ? మనుషుల గిన్నెల్లో పోస్తున్నాను."

"అదేనే, లీకేజీ అంటే!"

"లీకేజీయా? మీకూ మీ పుస్తకానికీ ఓ దణ్ణం. నన్ను వంట చేసుకోనివ్వండి."

ఆవిడ ఎంత మొత్తుకున్నా వినలేదు. కూరలన్నీ సీలు వేసిన ప్యాకెట్లయ్యాయి. జనం ప్యాకెట్టు తీసుకుని, అలవాటుగా గిన్నె చాపి ఒక్క క్షణం నిలబడి, అందులో ఏమీ పడకపోయేసరికి వెళ్ళిపోయేవారు. కొన్నాళ్ళకు ఎదురు సందులో కొత్తగా పెట్టిన కర్రీ పాయింట్ ముందు కనిపించసాగారు. తాయారు వండినది వండినట్టే మిగిలిపోతోంది. ఇలాగైతే కొట్టు మూసుకోవాల్సిందే.

ఈశ్వరరావు గాభరాగా నన్ను తిరగేశాడు. తొమ్మిదో అధ్యాయంలో దొరికింది: 'జనం దేన్ని పోగొట్టుకుని బాధపడుతున్నారో కనిపెట్టు. దాన్నే అమ్ము.' ఆహా, ఏం చెప్పాను! మర్నాడు కౌంటర్ మీద బుల్లి బుల్లి చారు ప్యాకెట్లు వరసగా కూర్చున్నాయి. వాటి మీద స్టిక్కర్లు: 'కొసరు', 'స్పెషల్ కొసరు'. ధర కూడా వేశాడు.

ఆ పూట జోగారావు గారు వచ్చారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. భార్య పోయినప్పటి నుంచి ఆయనకు కూరా నారా అన్నీ తాయారు కొట్లోనే. ఆయన ఒక ప్యాకెట్టు పైకెత్తి కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఏంటి బాబూ ఇది?"

"ఆయ్, కొసరండి. కొత్తగా పెట్టాం."

"కొసరు కొనుక్కోవాలా?"

"సీలుంటుందండి. క్వాలిటీ."

"ఓహో," అన్నారాయన. అప్పుడే తీసుకున్న వంకాయ కూర కూడా కౌంటర్ మీద పెట్టేసి, ఖాళీ గిన్నె చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు.

తాయారు వంటింటి గుమ్మంలోంచి అంతా చూసింది.

"మా అమ్మ పోయినప్పుడు ఇడ్లీలు కట్టించుకొచ్చి, దగ్గర కూర్చుని తినిపించారండీ ఆయన! ఆయనకి స్టిక్కరేసి అమ్ముతారా?" అంటూ భోరుమంది. "రేపట్నుంచి నేను పొయ్యి వెలిగించను. మీ పుస్తకం వండుతుందేమో కనుక్కోండి."

అన్నంత పనీ చేసింది. మర్నాడు పొయ్యి వెలగలేదు. ఈశ్వరరావు నన్ను ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి వెతికాడు. పెళ్ళాం అలిగితే ఏం చేయాలో మా కర్త గారు రాయలేదు, ఆయనకే తెలియదేమో. అతను ఆయనకు ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి ఎత్తి, దానికి అడ్వాన్స్‌డ్ కోర్సు ఉందనీ, సీట్లు అయిపోవస్తున్నాయనీ చెప్పింది. అతను ఫోన్ పెట్టేశాడు. తర్వాత చెప్పులేసుకుని జోగారావు గారింటికి వెళ్ళాడు. మొదటిసారి నన్ను వదిలేసి వెళ్ళాడు. నాకు చెడ్డ రోషం వచ్చింది.

తిరిగొచ్చి తాయారు ముందు నిలబడ్డాడు. "తప్పయిపోయిందన్నాను. వస్తానన్నారు. కాకపోతే నువ్వు కాదంట, నేనే నా చేత్తో కొసరు పొయ్యాలంట."

తాయారు కళ్ళు తుడుచుకుని పొయ్యి వెలిగించింది. కాగిన చారు గిన్నె కౌంటర్ మీదికి తెచ్చి, కింద పెట్టడానికి ఏమీ కనపడక, నన్ను లాగి దాని కింద తోసింది. నా బంగారు అక్షరాలు బుడగలెత్తాయి. అప్పటిదాకా అందరూ నన్ను మోసినవాళ్ళే. నేను ఒక బరువు మొయ్యడం అదే మొదలు.

జోగారావు గారు గిన్నె చాపారు. ఈశ్వరరావు గరిటె ముంచాడు. సగం పోశాడో లేదో, "చాలు బాబూ, చాలు" అన్నారాయన. ఈశ్వరరావు టక్కున ఆపేశాడు.

"అయ్యో రాత! చాలంటే ఆపేస్తారేంటండీ?" అంటూ తాయారు వెనక నుంచి వచ్చి, మొగుడి మణికట్టు పట్టుకుని గరిటె వంచింది.

"వద్దమ్మాయ్, వద్దు," అంటూనే జోగారావు గారు గిన్నె ఇంకాస్త ముందుకు చాపారు. చారు అంచు దాటి నా మీదికి కారింది. ముగ్గురిలో ఒక్కరూ నన్ను తుడవలేదు.

ఆయన వెనక ఒక నర్సు నిలబడి ఉంది. సీలు ప్యాకెట్లకు అలవాటు పడి వట్టి చేతులతో వచ్చింది. ఈశ్వరరావు ఎవరూ చెప్పకుండానే లోపలికి వెళ్ళి తన ఇంటి స్టీలు గిన్నె తెచ్చాడు. నిండా చారు పోసి ఆమె చేతిలో పెట్టాడు.

"గిన్నె రేపు తెచ్చిద్దురుగానిలెండి. మర్చిపోయినా పర్లేదండి."

ఆ గిన్నె తిరిగొచ్చిందో లేదో నాకు తెలియదు. అప్పటికే నా పేజీలన్నీ తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇక నన్నెవరూ చదవలేరు. అది తలుచుకుంటే బాధేసింది, కానీ ఆ మొగుడూ పెళ్ళాల మొహాలు చూశాక, అదే మంచిదనిపించింది.