సదానందం పెట్టని పథ్యం

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులు దాటింది. బస్సులు లేవు, బడులు లేవు. లింగాల ఘనపూర్ దీక్షా శిబిరంలో ఆ రోజు మా తండా వంతు. మా నాన్న టీక్యా మెడలో దండతో ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన పక్కన నేను.

మధ్యాహ్నం నర్సు అండాలక్క అందరికీ బీపీ చూసింది. నాన్న చేతికి పట్టీ రెండుసార్లు చుట్టింది.

"టీక్యన్నా, నూట తొంబై ఉన్నది. గోలీ ఏస్కుంటున్నవా?"

"ఏస్కుంటున్న." నాన్న జేబులోంచి పసుపు రంగు నూనె గోలీ తీసి చూపించాడు.

వెనక నుంచి బీక్యా మామ తొంగిచూశాడు. "గుడ్డు సొన లెక్కున్నది. నాకొకటియ్యి బావా."

"ఉపాసం కూసొని గుడ్డు అడుగుతున్నవారా!" అని శిబిరమంతా నవ్వింది. అండాలక్క నవ్వలేదు.

రెండేళ్ల కింద నాన్నకు ఒక పూటంతా కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. జనగామ దవాఖానలో బీపీ గోలీలు రాసి బతికినన్నాళ్లూ మానొద్దన్నారు. ఆ మాట ఆయనకు నచ్చలేదు. సమ్మెకు కాస్త ముందు, విటమిన్ గోలీలు అమ్మే సదానందం జనగామ నుంచి మా తండాకు వచ్చాడు. పైపు బొమ్మ ఒకటి చూపించి, రక్తనాళాల్లో పాచి పడుతుందని, ఈ పసుపు గోలీ నలభై రోజులు వాడితే పాచిని తోమేస్తుందని చెప్పాడు.

పాత గోలీ మానమని ఆయన అనలేదు. కానీ మా తండాలో కామెర్లకు పసరు తాగితే ఇంకో మందు ముట్టరు. ఒక కడుపులో రెండు మందులు కొట్లాడుకుంటాయంటారు. మందిచ్చినవాడు చెప్పేదాకా పథ్యం విడవరు. నాన్న అదే చేశాడు. వంకాయ మానాడు, కల్లు మానాడు, బీపీ గోలీ కూడా మానాడు. వంకాయ మానడం నేను చూశాను. బీపీ గోలీల అట్ట వైపు మాత్రం నేను చూడలేదు.

"గిది తాకత్‌కు, బలానికి," అంది అండాలక్క. "రక్తపోటు తగ్గియ్యది. నరం పగలకుంట ఆపది. నా దగ్గర నీ గోలీ ఉన్నది, ఇప్పుడే మింగు."

"ఇంక పదారు రోజులున్నది పత్తెం. నడుమ ఇడిస్తే తిరగబడ్తది. మందిచ్చినోడు చెప్పాలె."

"నువ్వు పడిపోతే ఆడొచ్చి లేపుతడా?"

నాన్న పసుపు గోలీ మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఇక సదానందమే చెప్పాలి. సదానందానికి ఫోన్ కలవలేదు. బొగ్గు గనుల్లోనూ సమ్మె కావడంతో కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు, ఎవరి ఫోనూ సరిగా పనిచేయడం లేదు. నాన్నను అండాలక్కకు అప్పగించి కాలినడకన జనగామ దారి పట్టాను. ఒక బండి కూడా ఎదురుపడలేదు.

సదానందం ఇంటి ముందు అరుగు మీదే ఉన్నాడు. నేను చెప్పింది విని నోరు తెరిచాడు.

"పత్తెం ఏంది? నేను చెప్పలే. బీపీ గోలీ నేను గూడ రోజు ఏస్కుంట."

"చెప్పలేదు సార్. మా తండాల చెప్పకున్నా పత్తెం ఉంటది. మీరు ఇడవమంటేనే ఇడుస్తడు."

నా ఫోన్ నుంచి అండాలక్కకు చేస్తే మూడోసారికి కలిసింది. ఆమె నాన్న చేతికిచ్చింది.

"టీక్యా, పత్తెం ఇడువు," అన్నాడు సదానందం.

"పదారు రోజులు మిగిలినయ్. నడుమ ఇడిస్తే దోషం ఎవరికి?" నాన్న గొంతు నాకూ వినిపించింది.

సదానందం లోపలి గదిలో పేర్చిన సీసాల వైపు చూశాడు.

"నాకే," అన్నాడు చివరికి.

అవతల ఎవరో నీళ్లు తెమ్మని అరిచారు. తర్వాత అండాలక్క గొంతు.

"మింగిండు బుజ్జీ. రేపు గూడ మింగాలె. ఎల్లుండి గూడ."

సదానందం ఫోన్ తిరిగిచ్చి, నీళ్లు తాగిపొమ్మన్నాడు. ఆయన గడప మీదే కూర్చుండిపోయాను.