ఏడో గుడ్డ

పదమూడో బోల్టు వదులై చేతిలోకి వచ్చింది. గుడ్డల మేస్త్రి దాన్ని రేకు పళ్ళెంలో మిగతా పన్నెండింటి పక్కన పెట్టి, పద్నాలుగోదానికి స్పానరు ఆనించాడు. బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. వీపు కింద అట్టముక్క, మోచేతుల దాకా నూనె, నెరిసిన కనుబొమల్లో తుప్పు రజను.

“ఇంకా తెరుస్తూనే ఉన్నావా మేస్త్రీ?” చిన్న ఓనరు బూట్లు బండి పక్కన ఆగాయి. “దండగ పని. ఇంజను బిగుసుకుపోయింది. వయసైపోయింది దానికి. అద్దం మీద గీత కొట్టేసెయ్. రేపు పాత ఇనుము లారీ వస్తుంది.”

“చూడకుండా గీత కొట్టను బాబూ.”

“చూడ్డానికేముంది అందులో?”

మేస్త్రి స్పానరు తిప్పాడు. బూట్లు కాసేపు నిలబడి వెళ్ళిపోయాయి.

ఆ షెడ్డులో అదో ఆచారం. ఇక పనికిరాదని తేలిన బండి ముందద్దం మీద మేస్త్రి సుద్దముక్కతో అడ్డంగా గీత కొడతాడు. గీత పడ్డ బండి జోలికి మళ్ళీ ఎవరూ వెళ్ళరు. పెద్ద ఓనరు బతికున్న రోజుల్లోనే ఆ సుద్దముక్క ఇతని చేతికి వచ్చింది. అప్పట్లో ఏడాదికి రెండో మూడో గీతలు పడేవి. పెద్దాయన పోయి, ఆయన కొడుకు కుర్చీలో కూర్చున్నాక గీతలు ఎక్కువయ్యాయి. కొత్త బండ్లకి చోటు కావాలి కదా మరి.

ఇప్పుడు పైనున్నది ముప్పై ఏళ్ళ స్పోర్ట్సు కారు. రెండే సీట్లు. వెనక్కి మడిచేసుకునే గుడ్డ కప్పు. ఎర్ర రంగు వెలిసి వెలిసి ఇటుక రంగుకి దిగింది. ఎడమ తలుపు లోపలి నుంచి తెరుచుకోదు, బయటి నుంచి ఎవరో ఒకరు పుణ్యం కట్టుకోవాలి. ఒకప్పుడు దాన్ని చూడ్డానికి జనం తలలు తిప్పేవారు, ఇప్పుడు నవ్వడానికి తిప్పుతున్నారు. బండి లెక్కల టీచరమ్మది. నలభై ఏళ్ళ వయసులో, ఒంటరి ఆడదానికి ఇదేం పోయేకాలమని చుట్టాలందరూ ముక్కున వేలేసుకుంటుంటే, ఆవిడ దీన్ని కొనుక్కుని మర్నాడు బడికి వేసుకెళ్ళింది. అప్పటి నుంచీ దీన్ని తెరిచినా మూసినా మేస్త్రి చేతులే. నిన్న తాడు కట్టి లాక్కొచ్చారు.

పద్నాలుగో బోల్టు కూడా వచ్చాక ఇంజను అడుగున నూనె నిలిచే ఆయిల్ పాన్‌ని రెండు చేతులా పట్టుకుని పొట్ట మీదకి దించుకున్నాడు. నల్లటి నూనె అడుగున రాగి రంగులో ఏదో మెరిసింది. బేరింగులు అరిగి రాలిన పొడి. టార్చి పైకి తిప్పి, నూనె పీల్చుకునే జల్లెడ చూశాడు. పూర్తిగా మూసుకుపోయి ఉంది. వేలు పెట్టి లాగితే మెత్తటి ముద్ద ఊడి వచ్చింది. కిరసనాయిల్లో జాడించాడు. చివికి పీలికలైన గుడ్డ. ఒక పక్కన మాత్రం అంచు చెక్కుచెదరకుండా ఉంది. ఆ అంచు మీద ఆకుపచ్చ దారం.

ఆ కుట్టు ఎవరిదో మేస్త్రికి చూడగానే తెలిసింది.

గుడ్డల మేస్త్రి అన్న పేరు ఊరికే రాలేదు. షెడ్డులో అందరూ చేతికి దొరికిన పీలికతో పని కానిస్తే, ఇతను ఇంటి నుంచి ఆరు గుడ్డలు తెచ్చుకుంటాడు. అతని భార్య పాత చొక్కాలని జానెడు ముక్కలుగా కత్తిరించి, పోగులూడి ఇంజనులో పడకుండా నాలుగంచులూ ఆకుపచ్చ దారంతో మడిచి కుడుతుంది. పొద్దున ఆరు లెక్కపెట్టి ఇస్తుంది, సాయంత్రం ఆరు లెక్కపెట్టి పుచ్చుకుంటుంది. గుడ్డ తగ్గితే మేస్త్రికి ఆ పూట అన్నం పెట్టరట అని షెడ్డంతా ఏడిపిస్తారు.

ఆరు నెలల కింద ఇదే ఇంజను పైభాగం విప్పినప్పుడు, చిన్న నట్టులేవీ లోపలికి జారకుండా ముందువైపు గొలుసు తిరిగే కంతలో ఒక గుడ్డ కుక్కాడు. దాన్ని తీయకుండానే పైన బిగించేశాడు. ఆ సాయంత్రం భార్య ఐదు లెక్కపెట్టింది. ఎక్కడ వాడావో గుర్తు తెచ్చుకో అని మూడుసార్లు అడిగింది. గుడ్డేగా, ప్రాణం తీస్తావేం అని కసురుకున్నాడు. మర్నాడు ఆమె లెక్క తగ్గకుండా కొత్తది కుట్టిచ్చింది. ఆ గుడ్డేమో గొలుసుకి చిక్కుకుని అడుక్కి జారి, ఆరు నెలలపాటు నూనెలో నాని, చివికి, జల్లెడకి అడ్డుపడింది.

ఆ తర్వాత గంటసేపు అతను ఇంజనుని తడిమి తడిమి చూశాడు. క్రాంకు షాఫ్టు మీద చారలు పడ్డాయి, సానపట్టిస్తే నిలుస్తుంది. బేరింగులు కొత్తవి వేయాలి. మిగతాదంతా గట్టిగా ఉంది. ఇరవై రోజుల పని. వయసైపోవడం కాదు, నూనె అందక ఊపిరాడక పోయింది పిచ్చిది.

మధ్యాహ్నం ఆరు వీధులు నడిచి ఇంటికి భోజనానికి వెళ్ళాడు. భార్య కుట్టుమిషను మీద ఎవరిదో ప్యాంటు పొట్టి చేస్తోంది. ఆ పీలికని మిషను బల్ల మీద పెట్టాడు. ఆమె కళ్ళజోడు సర్దుకుని అంచు చూసింది, మొగుడి మొహం చూసింది.

“ఆ రోజు ఎన్నిసార్లు అడిగాను?”

“మూడుసార్లు.”

“నువ్వేమన్నావు?”

“గుడ్డేగా అన్నాను.”

ఆమె లేచి కంచం పెట్టింది. “ఆవిడకి చెప్తావా?”

“చెప్తే పని పోతుంది.”

“నేనడిగింది అది కాదు.”

రెండు ముద్దలు తినేదాకా అతను తలెత్తలేదు. సిగ్గుగా ఉంది. ముప్పై నాలుగేళ్ళ పేరు జానెడు గుడ్డలో మునిగిపోయింది. “చెప్తాను” అన్నాడు చివరికి.

“అయితే కడుపునిండా తిని వెళ్ళు. ఖాళీ కడుపుతో మాట నంగినంగిగా వస్తుంది” అని ఆమె ఇంకో గరిటెడు అన్నం వడ్డించింది.

తిరిగి వచ్చి, ముందు చిన్న ఓనరుకే చెప్పాడు. అతను పీలికని చూసి, లేచి వెళ్ళి గది తలుపు మూశాడు.

“ఎవరైనా చూశారా?”

“నేను చూశాను.”

“పారెయ్ దాన్ని. ముప్పై ఏళ్ళ ఇంజను వయసైపోయి పోయిందంటే ఎవరు కాదంటారు? ఆవిడా నమ్ముతుంది. ఇది బయటికి పొక్కితే షెడ్డు పరువేం కావాలి?” గొంతు తగ్గించాడు. “నీకూ వయసైపోయింది మేస్త్రీ. ఆ మాట నేనెప్పుడైనా ఎవరి ముందైనా అన్నానా? నీ మంచికే చెప్తున్నాను, వెళ్ళి గీత కొట్టు.”

మంచిగానే అన్నాడు ఆ మాట. అందుకే మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. జేబులో సుద్దముక్కని వేళ్ళతో నలుపుతూ బయటికి వచ్చి, బండి పక్కన పీట మీద కూర్చున్నాడు. అద్దం మీద ఈగ వాలినా తోలుతూ కూర్చున్నాడు.

నాలుగింటికి టీచరమ్మ వచ్చింది. పొట్టి మనిషి, సీసా అడుగులాంటి కళ్ళద్దాలు, చేతిలో గుడ్డ సంచి. చిన్న ఓనరు ఎదురెళ్ళి కుర్చీ వేయించాడు. ఆవిడ కూర్చోలేదు.

“ఏం తేలింది?”

“ఏముందమ్మా, వయసైపోయింది” అన్నాడు చిన్న ఓనరు.

“ఎవరికి?”

మేస్త్రి పీట మీంచి లేచాడు.

“వయసుతో పోలేదమ్మా. నా చేతిలో పోయింది. పోయినసారి విప్పినప్పుడు ఈ గుడ్డ లోపల మర్చిపోయాను.”

ఆవిడ పీలికని అందుకుని, కళ్ళద్దాలకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూసింది. తోటి మెకానిక్కులు చేతిలో సుత్తి ఆపి ఇటు చూశారు.

“ఈ కుట్టు ఎవరిది?”

“మా ఆవిడది.”

“ఇంత నానినా ఊడలేదు.” గుడ్డ వెనక్కిచ్చేసింది. “నాకు చాలా కోపంగా ఉంది మేస్త్రీ. దాచుకోను. కళ్ళ డాక్టరు ఇవాళ పొద్దున్నే ఒక్క ఏడాది గడువిచ్చాడు. ఆ తర్వాత స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. ఆ ఏడాదీ ఈ బండిలోనే తిరగాలని కూర్చున్నాను నేను.”

“ఇరవై రోజులివ్వండి. నా చేత్తో పోయింది, నా చేత్తోనే లేపుతాను. మీరేమీ ఇవ్వక్కర్లేదు.”

“ఎందుకమ్మా మీకీ అవస్థ?” చిన్న ఓనరు అడ్డుపడ్డాడు. “హాయిగా చిన్న కొత్త బండి ఇప్పిస్తాను. ఈ వయసులో...”

“మధ్యలో మాట్లాడితే క్లాసు బయట నిలబెట్టేదాన్ని నేను” అంది ఆవిడ అటు తిరక్కుండానే. పెదవులు కదుపుతూ లెక్క వేసుకుంది. “ఇరవై రోజులు పోతే పదకొండు నెలల పది రోజులు మిగులుతాయి. చాలు. కానివ్వు.”

చిన్న ఓనరు మొహం గంటు పెట్టుకున్నాడు. “ఈ షెడ్డులో ఆ బండి మీద ఇంకో స్పానరు పడదు. అంతగా చేయాలనుంటే బయటికి తీసుకుపో. నువ్వూ పో.”

“సరే బాబూ” అన్నాడు మేస్త్రి.

అంతే. ముప్పై నాలుగేళ్ళు ఆ రెండు మాటలతో అయిపోయాయి. సుద్దముక్క తీసి చిన్న ఓనరు చేతిలో పెట్టాడు. “ఇక గీతలు నువ్వే కొట్టుకో. చూసి కొట్టు.”

తన స్పానర్ల డబ్బా, విప్పిన భాగాలున్న రేకు పళ్ళెం పక్క సీటులో పెట్టాడు. గోడ మీద తన మేకుకి వేలాడుతున్న ఖాకీ కోటు తీసి మడిచి సంచిలో కుక్కుకున్నాడు. ఒక్క క్షణం మేకు దగ్గరే ఆగి, మళ్ళీ వచ్చి బండి వెనక భుజం ఆనించాడు. టీచరమ్మ స్టీరింగు ముందు కూర్చుంది. ఎవరూ పిలవకుండానే ఇద్దరు తోటి మెకానిక్కులు చేతిలో పని కింద పెట్టి వచ్చి చెరో పక్కా పట్టారు. చిన్న ఓనరు చూస్తూ నిలబడ్డాడు గానీ ఆపమని మాత్రం అనలేదు.

గుమ్మం దాటాక ఎండ మొహాన కొట్టింది. టీచరమ్మ గుడ్డ కప్పు వెనక్కి మడిపించింది. ఇంజను ఆడకపోతేనేం, బ్యాటరీ బాగానే ఉంది. ఆవిడ మొదటి వీధి మలుపులోనే హారను కొట్టింది. జనం తలలు తిప్పారు. నవ్వేవాళ్ళు నవ్వారు. రెండో మలుపులో ఇంకాస్త గట్టిగా కొట్టింది.

“మెల్లగా పోనివ్వండమ్మా” అన్నాడు మేస్త్రి వెనక నుంచి ఆయాసపడుతూ.

“తోసేది నువ్వు. మెల్లగా తోసుకో” అంది ఆవిడ.

అతనికి నవ్వొచ్చింది. భుజం పీకేస్తోంది, రేపు పొద్దున ఎక్కడికి వెళ్ళాలో తెలీదు, అయినా నవ్వొచ్చింది.

ఇంటి ముందు రేకుల పందిరి కింద భార్య బట్టలారేసే తీగ అప్పటికే విప్పేసి ఉంచింది. ఎలా తెలిసిందో అతను అడగలేదు. బండి లోపలికి పట్టింది, ముందు భాగం మాత్రం మూరెడు బయటికి వచ్చింది. భార్య చెయ్యి చాపితే రోజూ లాగే గుడ్డలు ఇచ్చాడు. ఆమె నిలబడే లెక్కపెట్టింది. ఆరు.

“మరి ఆ ఏడోదేదీ?” అంది.

“అక్కడే ఉంచాను.”

సాయంత్రం అందరూ వెళ్ళిపోయి ఖాళీ అయిన షెడ్డు గోడ మీద, ఖాకీ కోటు వేలాడిన మేకుకి, నల్లగా నానిన పీలిక ఒకటి వేలాడుతోంది, అంచున ఆకుపచ్చ కుట్టు ఒక్కటీ ఊడకుండా.