ఫ్రిజ్ మీద పాస్‌వర్డ్

టెన్త్ నుంచి ఎమ్మెస్సీ దాకా అనంతపద్మనాభం ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ గుంటూరు శివార్లలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ బీరువాలో ఉన్నాయి. ఫిజిక్స్ లెక్చరర్‌గా చేరిన రోజున "మా దగ్గర భద్రంగా ఉంటాయి" అని తీసుకున్నారు. భద్రంగానే ఉన్నాయి. పదకొండేళ్లుగా ఆయన కూడా వాటిని చూడలేదు.

ఉద్యోగం మానేసి సొంత కోచింగ్ సెంటర్ పెట్టాలని ఆయన నిర్ణయించుకుని నాలుగు నెలలైంది. ఆ సంగతి కాలేజీకి ముందే తెలిస్తే బీరువా తాళంచెవి కనబడకుండా పోతుంది. నిరుడు లెక్కల సుభానీ గారికి అలాగే పోయింది. అది దొరికేసరికి ఆయన సెంటర్ పెట్టాలనుకున్న గదిలో ఎవరో టిఫిన్ హోటల్ పెట్టుకుని, రెండో బ్రాంచి గురించి ఆలోచిస్తున్నారు. అందుకని పరీక్షలయ్యాక ఆరోగ్యం బాగాలేదని చెప్పి సర్టిఫికెట్లు పుచ్చుకుని, మర్నాడు బోర్డు కట్టాలని పద్మనాభం పథకం.

బోర్డు తర్వాతైనా ఫర్వాలేదు, వెబ్‌సైటు మాత్రం ముందే చూసుకోవాలనిపించింది. కింది ఫ్లాటులో ఉండే అన్వితకు వెబ్‌సైట్లు చేయడమే పని.

"తప్పులేమైనా ఉంటే చూసి చెప్పండి అంకుల్," అంది. "పేజీలన్నీ పాస్‌వర్డ్‌తో మూసేశాను. అది లేకుండా తెరిస్తే పిచ్చి అక్షరాలు తప్ప ఏమీ కనబడవు."

"మనిషికొక పాస్‌వర్డ్ పెట్టలేవామ్మా?"

"ఇది ఉత్త పేజీల సైటు అంకుల్. ఎవరొచ్చారో గుర్తుపట్టే ఏర్పాటేమీ ఉండదు. ఒకటే తలుపు, ఒకటే తాళంచెవి. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మీరు."

పాస్‌వర్డ్‌లో పదహారు అక్షరాలున్నాయి. వేలమంది పిల్లల చేత సూత్రాలు బట్టీ పట్టించిన మనిషికి అది నోటికి రాలేదు. ఒక చీటీ మీద రాసి, పైన 'అతి రహస్యం' అని ఎర్రసిరాతో రాసి, కింద గీత కొట్టి, ఇంట్లో అందరికీ కనబడేలా ఫ్రిజ్ తలుపుకి అంటించాడు.

వారం తర్వాత అన్విత లిఫ్టులో కలిసింది.

"అంకుల్, లింకు ఎవరెవరికి పంపారు?"

"ఎవరికీ పంపలేదే. నేనూ, మీ ఆంటీ, అంతే."

"నిన్న ఒక్కరోజే నలభై మూడు ఫోన్ల నుంచి తెరిచారు."

లిఫ్టు ఆయన దిగాల్సిన రెండో అంతస్తులో ఆగింది. పద్మనాభం దిగలేదు. మళ్లీ కిందికి వెళ్లి వచ్చాడు.

మర్నాడు స్టాఫ్‌రూములో ప్రతి ఫోనులోనూ తన వెబ్‌సైటే ఉన్నట్టు ఆయనకు అనిపించింది. కెమిస్ట్రీ రాగసుధ ఫోను చూసి నవ్వితే ఆయన మంచినీళ్లు పొరపోయి దగ్గాడు. మిరపకాయల లారీ వెళ్లింది కాబోలు అనుకుని అందరూ కిటికీలు మూశారు. కాలేజీ డీన్ చెంచురామయ్య, ఏనాడూ ఎవరినీ పలకరించని మనిషి, రెండుసార్లు గుడ్‌మార్నింగ్ చెప్పాడు. మొదటిదానికి పద్మనాభం రెండు చేతులతో నమస్కారం పెట్టాడు. రెండోదానికి గుడ్‌నైట్ సార్ అన్నాడు.

ఇంటికొచ్చి భార్యను అడిగాడు.

"నేనెవరికి చెప్తానండీ!" అంది కామేశ్వరి. "మా పుట్టింటి గ్రూపులో పెట్టానంతే."

"అందులో ఎంతమంది?"

"అరవై ఇద్దరు. పెళ్లి జరిగినప్పుడల్లా పెరుగుతారు."

"పాస్‌వర్డ్ కూడా పెట్టావా?"

"అది లేకపోతే తెరుచుకోదుగా! ఫ్రిజ్ ఫోటో తీసి పెట్టా. కింద ఎవరికీ చెప్పొద్దని కూడా రాశా. అంత తెలివితక్కువదాన్నా?"

పద్మనాభం చెప్పులైనా వేసుకోకుండా కిందికి పరిగెత్తాడు.

"మార్చేస్తాను," అంది అన్విత. "కొత్త పాస్‌వర్డ్‌తో పేజీలన్నీ మళ్లీ మూసి ఎక్కించాలి, పది నిమిషాలు. ఎవరెవరు చూస్తున్నారో తెలియాలంటే ఊరికే కూర్చోండి. పేజీ తెరుచుకోనివాళ్లు మీకే ఫోన్ చేస్తారు."

"దొంగతనంగా చూసేవాళ్లు ఫోనెందుకు చేస్తారమ్మా? సిగ్గుండదూ?"

"చూద్దాం అంకుల్."

పావుగంటలో మొదటి ఫోను వచ్చింది. వినుకొండ నుంచి బావమరిది రాఘవ.

"ఏంటి బావగారూ, మాకే తాళమా? ఇంత పరాయివాళ్లమై పోయామా?"

తర్వాత తాడేపల్లి నుంచి కామేశ్వరి పిన్ని. మీ చరిత్ర సగం చదివాను నాయనా, మిగతా సగం తెరుచుకోవట్లేదంది. తర్వాత ఎవరో, పేరు చెప్పినా మీకు తెలియదు లెండి అన్నాడు. పద్మనాభం హాజరుపట్టీ వేసినట్టు పేర్లు రాసుకుంటూ పోయాడు. రాత్రి భోజనాల వేళకి పంతొమ్మిది మంది తేలారు. ఒక్కరికీ సిగ్గు లేదు, అందరికీ కోపం ఉంది. కాలేజీవాళ్లు మాత్రం ఎవరూ లేరు. రెండు రోజుల్లో మొదటిసారి ఆయనకు ఆకలేసింది. మారు అన్నం కలుపుకుంటుండగా మళ్లీ ఫోను మోగింది.

డీన్.

"ఏమండీ పద్మనాభం గారూ, పాస్‌వర్డ్ మార్చారా?"

పద్మనాభం ఎంగిలిచేత్తో లేచి నిలబడ్డాడు. ఏ పాస్‌వర్డ్ సార్ అని అడగాలనుకున్నాడు. 'ఏ' వచ్చింది, మిగతాది రాలేదు. పైవాళ్లు అడిగితే లేదనడం ఆయనకు అలవాటు లేదు. ఫ్రిజ్ దగ్గరికి నడిచి, కొత్త చీటీ చూసి పదహారు అక్షరాలూ నెమ్మదిగా చదివి వినిపించాడు. ఏవి పెద్ద అక్షరాలో కూడా చెప్పాడు.

"థాంక్సండి. రేపు పదింటికి నా రూముకి రండి."

పదింటికి వెళ్లాడు. డీన్ కంప్యూటర్‌లో 'పద్మనాభం ఫిజిక్స్ అకాడమీ' నిండుగా వెలుగుతోంది. బల్ల మీద ఒక గోధుమరంగు కవరుంది. దాని మీద తన పేరు.

"రంగులు బాగున్నాయండి," అన్నాడు చెంచురామయ్య. "మీ ఫోటో పాతదనుకుంటా."

"అవున్సార్."

"మీ బావమరిది ఇంటి పైవాటాలో అద్దెకుండేది మా అల్లుడే. చాలా మంచి మనిషండీ మీ రాఘవగారు. ఏదీ దాచుకోడు."

ఏసీ చల్లగా ఉంది. పద్మనాభం జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"మేనేజ్‌మెంట్‌కి చెప్పడం నా ధర్మం," అన్నాడు డీన్. కవరును బల్ల మధ్యకు జరిపాడు. "ఇంకా చెప్పలేదు. మా అల్లుడు ఎంబీఏ. రెండేళ్లుగా ఖాళీగా, అంటే మంచి అవకాశం కోసం చూస్తున్నాడు. ఈ 'మా గురించి' పేజీలో మీరొక్కళ్లే ఉన్నారు. పాపం, ఒంటరిగా కనబడుతున్నారు."

"ఏం పోస్టు అనుకుంటున్నారు సార్?"

"డైరెక్టర్."

"డైరెక్టర్ని నేనే సార్."

"మీరు ఫౌండర్. అది ఇంకా పెద్దదండి."

కవరు మూతలోంచి టెన్త్ సర్టిఫికెట్ అంచు కొంచెం బయటికొచ్చి ఉంది. పసుపుబారింది. పద్మనాభం చెయ్యి దానంతటదే ముందుకు వెళ్లింది. అది అందేలోపల చెంచురామయ్య కవరు తీసి, బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ముందు మావాడి పేరు సైటులో పడనివ్వండి. చూసుకుని ఇచ్చేస్తాను. ఫోటో వాట్సాప్ చేయమంటాను. ఏ సైజు కావాలి?"

పద్మనాభం ఆ జేబు వైపే చూస్తూ నిలబడ్డాడు.

"పెద్దదే పంపమనండి సార్," అన్నాడు.