వెళ్ళొస్తాం

సరిహద్దులో రెండో గేటు దగ్గరికి చేరేసరికి వెల్డరుకు నడుం పట్టేసింది. మొదటి గేటులో డిక్కీ సామానంతా దింపించారు. పరుపు చుట్ట విప్పించారు, మిక్సీ గిన్నెల్లోకి తొంగి చూశారు, స్టెప్నీ టైరును కర్రతో కొట్టి చెవి ఆనించి విన్నారు. ఏమీ దొరకలేదు. దొరకనందుకు కోపం వచ్చిందేమో, సర్దుకోండి అని కూడా అనకుండా వెళ్ళిపోయారు. ఒకసారి దింపిన సామాను మళ్ళీ డిక్కీలో పట్టలేదు. పట్టనిదంతా వెనకసీట్లో అత్తగారి మీదికి చేరింది.

"నేను మనిషినా, అటకనా?" అందావిడ పరుపు చాటునుంచి.

ముందుసీట్లో ఆవిడ కూతురు నవ్వలేదు. మొగుడి చేతిలోని కాగితం వంకే చూస్తోంది.

వెల్డరుకు అవతల ఒక షెడ్డులో పని దొరికింది. ఆ కాగితం, అటువెళ్ళి అక్కడే ఉండిపోయేవాళ్ళకు ఇచ్చే పర్మిట్టు. తిరిగొచ్చే ఆలోచన ఉన్నవాళ్ళకు ఇవ్వరు. ముగ్గురి పేర్లూ ఒకే కాగితం మీదున్నాయి, ఒకరికి కాదంటే ముగ్గురికీ కానట్టే. గడువు ఆ సాయంత్రంతో సరి. ఇక్కడి ఇల్లు ఖాళీ చేసేశారు. వెనక్కి తిరిగితే దిగడానికి గుమ్మం లేదు.

అద్దాల గదిలో కూర్చున్న ఆఫీసరు కుర్రవాడే. చొక్కా మడతలు ఇంకా నలగలేదు. వీళ్ళ భాష పుస్తకంలో చదివి నేర్చుకున్నాడు. అతనికి మాటలు వచ్చు, మాటతీరు రాదు.

"మీరు అచ్చటనే నివసించెదరా?" అన్నాడు. గది బయట తగిలించిన స్పీకరులోంచి ఆ మాట గరగరమంటూ వచ్చింది.

"అవును సార్."

మొహాలు చూశాడు, ఫొటోలు చూశాడు, మళ్ళీ మొహాలు చూశాడు. "మంచిది. మీరు వెళ్ళవచ్చును," అని స్టాంపు చేతిలోకి తీసుకున్నాడు.

వెల్డరుకు గుండెల మీది బండ దిగినట్టయింది. అప్పుడు అత్తగారు పరుపును పక్కకు నెట్టి, కిటికీలోంచి తల బయటపెట్టి, మర్యాదగా, "వెళ్ళొస్తాం బాబూ. చల్లగా ఉండు," అంది.

స్టాంపు గాలిలోనే ఆగిపోయింది.

"వెళ్ళి, వచ్చెదరా?"

"అది మా మాటతీరు సార్," అన్నాడు వెల్డరు గబగబా. "పోతున్నామని ఎవరూ అనరు. పోవడమంటే చావడం. పాడె ఎక్కినవాడు తప్ప అందరూ వెళ్ళొస్తామనే అంటారు."

"అయితే రారు?"

"రాం."

"ఆమె చెప్పవలెను."

కూతురు వెనక్కి తిరిగింది. "అనమ్మా. ఒక్క ముక్క."

"ఏమనాలి?"

"రానని."

"అట్లా ఎలా అంటానే? మీ నాన్న ఇక్కడ మట్టిలో ఉన్నాడు. పొద్దున ఆయనతోనూ వెళ్ళొస్తాననే చెప్పాను."

"నాన్నకేం వినపడదులే."

"నాకు వినపడుతుందిగా."

"స్పష్టముగా చెప్పండి," అంది స్పీకరు.

అత్తగారు అద్దం వైపు చూసింది. "నువ్వు రానివ్వకు బాబూ, అది నీ ఉద్యోగం. నేను రాలేకపోతాను, అది నా రాత. రాను అని మాత్రం నా నోటితో అనిపించకు."

ఆఫీసరు ఆలోచించాడు. ఒక్కొక్క క్రియనూ విడదీసి చూసుకుంటున్నట్టు అతని పెదవులు కదిలాయి. "రాలేకపోవుట వేరు. రాకుండుట వేరు," అన్నాడు చివరికి. స్టాంపు కింద పెట్టేశాడు.

వెనక లారీవాడు హారన్ కొట్టాడు. ఎండ గేటు కర్ర మీదనుంచి జారి రోడ్డు పక్కకు చేరింది.

"అత్తయ్యా," అన్నాడు వెల్డరు. పెళ్ళయిన నాటినుంచీ ఆవిడ ముందు గొంతు పెంచి ఎరగడు, ఇప్పుడూ పెంచలేదు. "మీ కాళ్ళు పట్టుకుంటాను."

"కాళ్ళెందుకు నాయనా, ఆ మాట తప్ప ఇంకేదైనా అడుగు."

అతను కారు దిగాడు. అద్దానికి ఉన్న చిల్లు దగ్గరికి వంగి, కారువైపు వీపు పెట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"సార్, మా అత్తగారికి మతి సరిగా లేదు. ఏదో వాగుతుంది. ఆవిడ మాట లెక్కలోకి తీసుకోకండి."

అంత గుట్టుగా అన్నదాన్ని స్పీకరు ఊరంతా చాటింది. "ఆమెకు మతి లేదా?"

వెల్డరు వెనక్కి తిరగలేదు.

"కుమార్తె చెప్పవలెను," అంది స్పీకరు.

లారీవాడు హారన్ ఆపేశాడు. కూతురు ఏ సైగ చేసిందో వెల్డరు చూడలేదు. ఆఫీసరు తల ఊపడం మాత్రం కనపడింది. అతను ఎర్రసిరాతో పర్మిట్టు అంచున ఏదో రాసి, స్టాంపు వేశాడు. గేటు కర్ర లేచింది.

అవతలి గేటు చేరేలోపల కూతురు రెండుసార్లు "అమ్మా" అంది. అత్తగారు పరుపును మళ్ళీ దగ్గరికి లాక్కుంది.

అక్కడి గదిలో నడివయసు ఆడమనిషి ఉంది. నవ్వుమొహం, చక్కని మాట. కాగితం తీసుకుని ఎర్రసిరా చదివి, కారులోకి తొంగి చూసి, జాలిగా తల పంకించింది. తర్వాత వెనకసీటు వైపు చూడనేలేదు.

"పెద్దావిడ పేరేంటి?" అని వెల్డరును అడిగింది.

అత్తగారు నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. వెల్డరు చెప్పాడు.

"వయసు?"

చెప్పాడు.

"పాపం. ఎదుటివాళ్ళు మాట్లాడేది అర్థమవుతుందా ఆవిడకి?"

కారు అద్దంలో అత్తగారి కళ్ళు అతని మీదే ఉన్నాయి. అవుతుందని అనాలనుకున్నాడు. అంటే అసలుకే మోసం. పక్కనుంచి భార్య అతని మోచేతిని నొక్కింది.

"అప్పుడప్పుడు," అన్నాడు.