గడ్డకట్టిన కొబ్బరినూనె

మా దక్షిణ సముద్రపు దీవిలో జూలై అంటే చలికాలం; ఆ చలికి డబ్బాలో నా కొబ్బరినూనె గడ్డకట్టింది. దానితో జనరేటర్ నడిపి చూపిస్తే ఊరికి డీజిల్ కొనడం మానేస్తామని పెద్దలు మాటిచ్చారు. వాళ్లు అప్పుడే వచ్చి చాప మీద కూర్చున్నారు.

"ఇప్పుడేం చెయ్యను?" అన్నాను.

"యంగోనా కలుపు," అంది నా భార్య విలిమైనా, డబ్బాను ఎండలో పెడుతూ. "అది తాగకుండా మనవాళ్లు ఏ పనైనా మొదలెట్టారా?"

ఆ వేరు కషాయానికి పోయే పొద్దును ఏళ్లుగా తిట్టుకున్నవాణ్ణి, ఇవాళ చిప్ప మీద చిప్ప బతిమాలి పోశాను.

"ఏరా అపెనీసా, ఈరోజు తొందర లేదా?" అన్నాడు చాప మీంచి మా పెద్దనాన్న.

"మీ ముందు తొందరేంటి పెద్దనాన్నా!"

విలిమైనా నవ్వాపుకోలేక లోపలికి పోయింది.

ఎండెక్కి నూనె కరిగింది. జనరేటర్ మొదటి లాగుకే అందుకుంది.

పెద్దనాన్న వేపుళ్ల వాసనేస్తున్న పొగ పీల్చి, "డీజిల్ వద్దులే. కానీ దీని పక్కన కూర్చుంటే ఆకలేస్తోందిరా," అన్నాడు.